అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు: పెద్దవాళ్లకు ఏ సప్లిమెంట్లు నిజంగా పనిచేస్తాయి?

దేవరకొండ కోడలు
సోమవారం, రాత్రి 9:42

మా అత్తమ్మకు 71 ఏళ్లు. షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది, మొదటి నుంచీ మెట్‌ఫార్మిన్ మీదే ఉంది. ఏడాదిగా అరికాళ్లలో మంటలు, వేళ్లలో తిమ్మిర్లు. పగలు పనిలో పడి పట్టించుకోదు. రాత్రి పడుకున్నాక దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేదు. లేచి చల్లటి గచ్చుకు కాళ్లు ఆనించి కూర్చుంటుంది.

డాక్టర్ నరాల మంటకు ప్రెగాబాలిన్ రాశారు. వేసుకున్న మర్నాడల్లా తూలుతున్నానని వారం తిరగకముందే మానేసింది. ఇక అక్కడి నుంచి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో సీసా తేవడం మొదలైంది. ఆడబిడ్డ హైదరాబాద్ నుంచి ఒకటి, మరిది ఆన్‌లైన్‌లో ఇంకొకటి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బలం మాత్రలు వేరే. మిథైల్‌కోబాలమిన్, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, బెన్‌ఫోటియమిన్, ఎసిటైల్ కార్నిటిన్ అని అట్టల మీద రాసి ఉంది.

వీటిలో ఏది పనికొస్తుంది? అన్నీ కలిపి వేస్తే ప్రమాదమా? మీ ఇళ్లలో పెద్దవాళ్లకు వాడినవాళ్లు చెప్పండి.


మిర్యాలగూడ రైతు
సోమవారం, రాత్రి 10:15

అమ్మా, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాములది నేను ఒక చలికాలమంతా వాడాను. మంట కొంత తగ్గిన మాట నిజమే. అయితే అదే చలికాలంలో మా అబ్బాయి పోరు పడలేక రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు మారాను. మూడు నెలల సగటు షుగర్ 9.8 నుంచి 7.6కు దిగింది. ఏది పనిచేసిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. సీసా అయిపోయాక మళ్లీ కొనలేదు, మంట మళ్లీ పెరగనూ లేదు. పరగడుపున వేసుకోమన్నారు, వేసుకుంటే ఛాతీలో మంట. కాళ్లలో మంట పైకెక్కిందని మా ఆవిడ నవ్వేది.

రైతుగా ఒక మాట. వరి ఆకు తుప్పు రంగుకు తిరిగితే జింకు లోపమో, నత్రజని లోపమో, పురుగో చూడకుండా దుకాణంలో ఉన్నవన్నీ తెచ్చి చల్లేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. డబ్బు పోతుంది, పైరు అలాగే ఉంటుంది. మీ అత్తమ్మకు ఏది తక్కువైందో ముందు తేల్చండి.


జడ్చర్ల సిస్టర్
సోమవారం, రాత్రి 10:50

సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యాను. సీసాల సంగతి తర్వాత, ముందు వీటికి జవాబు చెప్పమ్మా.

విటమిన్ బీ12 పరీక్ష ఎప్పుడైనా చేయించారా? థైరాయిడ్? కిడ్నీకి చేసే క్రియాటినిన్? గ్యాస్ మాత్ర, అంటే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రోజూ వేస్తారా? ఆమె మాంసం, గుడ్డు తింటుందా? గతంలో టీబీ మందులు గానీ, క్యాన్సర్ మందులు గానీ వాడిందా? ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్నకు నొచ్చుకోవద్దు. కుష్ఠు 2005లోనే జాతీయ స్థాయిలో అదుపులోకి వచ్చిందని ప్రకటించారు, కేసులు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. మందు ఉచితం, పూర్తిగా తగ్గుతుంది. షుగర్ తిమ్మిరి అనుకుని వదిలేస్తేనే నరం శాశ్వతంగా పోతుంది.

ఇంకొకటి. బీ12 పరీక్ష చేయించకుండానే ఇంజెక్షన్ పొడిపించవద్దు. ఇంజెక్షన్ తర్వాత రక్తం ఇస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, అసలు లోపం ఉండేదో లేదో ఎవరికీ తెలియదు.


పాలమూరు పంతులు
మంగళవారం, ఉదయం 6:05

నాది అచ్చంగా అదే కథ కనుక కొంచెం ఎక్కువే రాస్తాను.

పుట్టుకతో శాకాహారిని. మెట్‌ఫార్మిన్ పన్నెండేళ్లు, దానికి తోడు రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర. మొదట కాళ్ల కింద దూది పరిచినట్లుండేది. తర్వాత విచిత్రం ఏమిటంటే, ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే పక్కకు ఒరిగిపోయేవాణ్ణి. బాత్రూంలో గోడ పట్టుకోవలసి వచ్చేది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకున్నాను. మా అల్లుడు పట్టుబట్టి పరీక్ష చేయిస్తే బీ12 118 వచ్చింది. 200 కంటే తక్కువుంటే లోపమే అన్నారు.

ఇంజెక్షన్లు మొదట దగ్గర దగ్గరగా, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి ఇచ్చారు. తొలి రోజుల్లో మంట తగ్గకపోగా పెరిగింది. మానేద్దామనుకున్నాను. నరం కోలుకునేటప్పుడు అలా జరగవచ్చునని డాక్టర్ ముందే చెప్పి ఉండటం వల్ల ఓపిక పట్టాను. రక్తం కొద్ది వారాలకే బాగుపడింది, కాళ్లు మాత్రం నెలలు తీసుకున్నాయి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా నిలబడగలను. బొటనవేళ్ల చివర తిమ్మిరి మిగిలిపోయింది, అది పోదట. ముందే చూపించుకుని ఉంటే పోయేదేమో.

పంతులుద్యోగం చేసినవాణ్ణి కనుక ఒక పక్కమాట చెప్పకుండా ఉండలేను. అరికాళ్ల మంటల మీద మన దక్షిణాదిలో జరిగిన పాత పరిశోధన ఒకటి ఉంది. పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ గారు కూనూరులో ఉండగా 1946లో ప్రచురించారు. సరైన తిండి లేని పేదల్లో కనిపించే ఈ మంటలు పాంటోథెనిక్ ఆమ్లం, అంటే బీ5 ఇస్తే తగ్గాయని రాశారు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. విటమిన్ల చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు.


జడ్చర్ల సిస్టర్
మంగళవారం, ఉదయం 7:20

పంతులు గారూ, బడి గంట కొట్టక ముందే పాఠం మొదలుపెట్టారు. ఆ కళ్లు మూసుకుంటే ఒరిగిపోయే సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. వార్డులో మేం రోగిని నిలబెట్టి కళ్లు మూయించి చూసేది అదే.


గద్వాల డ్యూటీ డాక్టరు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

రోగిని చూడకుండా మందు చెప్పను. సాధారణంగా తెలిసినవి చెప్తాను.

బీ12, అంటే మీ అట్ట మీది మిథైల్‌కోబాలమిన్: ఇది లోపం ఉన్నవారికి అసలైన మందు, లోపం లేనివారికి ఖర్చు. మెట్‌ఫార్మిన్ ఎక్కువ డోసులో ఎక్కువ ఏళ్లు వాడేవారిలో బీ12 తగ్గుతుందని స్పష్టంగా తెలుసు. అందుకే వారికి అప్పుడప్పుడు పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెప్తుంది. 200 నుంచి 300 మధ్య వస్తే సందేహంగా చూడాలి, అప్పుడు మిథైల్ మలోనిక్ యాసిడ్ గానీ, హోమోసిస్టీన్ గానీ రక్తపరీక్ష చేస్తే తేలుతుంది. లోపం బయటపడిందని మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన పని లేదు, బీ12 ఇస్తూ కొనసాగించవచ్చు. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర కూడా చాలామందికి సరిపోతుంది. నడక తడబడుతున్నా, లోపం మరీ ఎక్కువగా ఉన్నా ఇంజెక్షన్‌తో మొదలుపెడతాం.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే రక్తహీనత సర్దుకుంటుంది, అడుగున బీ12 లోపం నరాలను తింటూనే ఉంటుంది. పంతులు గారు సుబ్బారావు గారిని తలచుకున్నారు కనుక ఇది కూడా చేరుస్తున్నాను. బీ5 లోపం ఈ రోజుల్లో చాలా అరుదు, దానికోసం సీసా కొనకండి.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్: రక్తనాళంలోకి ఎక్కించినప్పుడు కొన్ని వారాల పాటు మంట తగ్గినట్లు యూరప్ పరీక్షల్లో కనిపించింది. 2006లో వచ్చిన సిడ్నీ 2 పరీక్షలో నోటి మాత్రలతో అయిదు వారాలకు కొంత ఉపశమనం ఉంది. డోసు 600 దాటిస్తే లాభం పెరగలేదు, వికారం పెరిగింది. కానీ ఆరు నెలలు, అంతకు మించి సాగిన పరీక్షలను కలిపి చూసిన 2024 కోక్రేన్ సమీక్ష మాత్రం లక్షణాల మీద దాని ప్రభావం బహుశా ఏమీ లేదు, ఉన్నా స్వల్పమే అని తేల్చింది. మిర్యాలగూడ అన్న అనుభవం దానికి దగ్గరగానే ఉంది. చాలా అరుదుగా ఇది షుగర్‌ను ఉన్నట్టుండి పడగొట్టే రోగనిరోధక సమస్య తెస్తుంది. చెమటలు పట్టి వణికితే షుగర్ చూసుకోవాలి.

బెన్‌ఫోటియమిన్ అంటే కొవ్వులో కరిగే బీ1. కొద్ది వారాల చిన్న పరీక్షల్లో కొంత ఆశ, ఎక్కువ కాలం చూసిన వాటిలో నిరాశ. మద్యం అలవాటున్నవారి సంగతి వేరు, వారికి బీ1 నిజంగానే తగ్గుతుంది.


కోదాడ హెల్త్ కోచ్
మంగళవారం, సాయంత్రం 5:10

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు మందులతో కిడ్నీలు పాడవుతాయి. మా దగ్గర 21 మూలికలతో చేసిన సహజమైన నరాల పొడి ఉంది. 90 రోజుల్లో నరాలు మళ్లీ పుడతాయి, షుగర్ మాత్రలు కూడా మానేయవచ్చు. దుష్ప్రభావాలు సున్నా. వివరాలకు [నంబరు తొలగించాం: నిర్వాహకులు]


రామగిరి మందుల షాపు
మంగళవారం, సాయంత్రం 5:48

నల్గొండలో మందుల షాపు నడిపి, ఇప్పుడు కొడుక్కు అప్పగించాను. కోచ్ గారిని రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ డబ్బా మీద డ్రగ్ లైసెన్సు నంబరు ఉందా, లేక ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉందా? రెండోది ఉంటే అది చట్టం ప్రకారం ఆహారం. నిబంధనల ప్రకారం దాని మీద ఔషధ వినియోగానికి కాదు అని అచ్చు వేయాలి. అలా అచ్చు వేసిన డబ్బాతో నరాలు పుట్టిస్తారా?

రెండోది, షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఈ చర్చలో రాసినా ప్రకటనే.

మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. పొడి వేసుకున్న మూడో రోజే నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి. కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు, షుగర్ ఉన్నవాళ్లకు అది అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది. సరిగా శుద్ధి చేయని భస్మాల్లో సీసం, ఆర్సెనిక్, పాదరసం ఉంటాయి. సీసం, ఆర్సెనిక్ రెండూ నరాలను దెబ్బతీసేవే. తిమ్మిరికి మందని తిమ్మిరినే కొనుక్కోవడం అన్నమాట.


కోదాడ హెల్త్ కోచ్
మంగళవారం, సాయంత్రం 6:30

మా ఉత్పత్తిని వేలమంది వాడుతున్నారు. మీరు కంపెనీల మనుషులు.


నిర్వాహకులు
మంగళవారం, సాయంత్రం 6:41

అమ్మకాలు ఇక్కడ వద్దు. ఖాతా నిలిపివేశాం. చర్చ కొనసాగించండి.


మర్రిగూడ మనవడు
మంగళవారం, రాత్రి 9:00

మా ప్రాంతపు మాట ఒకటి ఎవరూ ఎత్తలేదు. మా తాతకు కూడా కాళ్ల తిమ్మిర్లే. షుగర్ కొద్దిగా ఉంది కనుక అందరూ దానికే కట్టేశారు. నరాల మాత్రలు, బీ12 ఇంజెక్షన్లు, నూనెలు, అన్నీ అయ్యాయి. కాళ్లు మాత్రం రోజురోజుకూ బిగుసుకుపోయాయి. మెడ తిప్పలేకపోయేవాడు, కింద కూర్చుంటే లేవలేకపోయేవాడు. చివరకు హైదరాబాద్‌లో వెన్నెముక ఎమ్మారై తీస్తే, ఫ్లోరైడ్ వల్ల వెన్నులో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతోందని చెప్పారు. జీవితమంతా బోరు నీళ్లు తాగిన మనిషి. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వచ్చేసరికి ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పెద్దవాళ్లకు తిమ్మిరి అంటే ఈ కోణం కూడా చూడమని అడగండి. దేవరకొండ కూడా దూరం కాదు.


గద్వాల డ్యూటీ డాక్టరు
మంగళవారం, రాత్రి 9:35

చాలా ముఖ్యమైన పాయింటు. నల్గొండ జిల్లా రోగిలో ఇది తప్పకుండా మనసులో ఉండాలి.

తేడా ఎలా తెలుస్తుందంటే, షుగర్ వల్ల వచ్చే న్యూరోపతి, అంటే నరాల దెబ్బ, కాలివేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది. చీలమండ దగ్గర సుత్తితో కొడితే కాలు కదలదు, లేదా తక్కువ కదులుతుంది. వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు బిగుసుకుంటాయి, సుత్తి దెబ్బకు అతిగా ఎగురుతాయి. మూత్రం ఆపుకోలేకపోవడం, నడుము కింద పట్టీ కట్టినట్లుండటం వస్తే ఆలస్యం చేయకూడదు, అదే రోజు దవాఖానాకు వెళ్లాలి. ఫ్లోరోసిస్‌లో ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి కనిపిస్తుంది. ఖరీదైన ఎమ్మారై కంటే ముందు ఈ చిన్న ఎక్స్‌రే దారి చూపిస్తుంది. వీటికి ఏ విటమిన్ మాత్రా పనిచేయదు.


దేవరకొండ కోడలు
బుధవారం, రాత్రి 8:55

అందరికీ దండాలు. సిస్టర్ గారి ప్రశ్నలకు జవాబులు: అత్తమ్మ మాంసం పండగలకే, గుడ్డు వాసన పడదని తినదు. గ్యాస్ మాత్ర రోజూ వేస్తుంది, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. టీబీ, క్యాన్సర్ లేవు. మచ్చలు లేవు. మెడ బాగానే తిరుగుతుంది, కాళ్లు బిగుసుకోలేదు. బీ12 ఎప్పుడూ చేయించలేదు. రేపు పొద్దున రక్తం ఇస్తున్నాం, ఇంజెక్షన్ ఇంకా వేయించలేదు.

మందుల షాపు బాబాయి గారి మాట విని డబ్బాలన్నీ మంచం మీద పరిచి వెనుక అచ్చు చదివాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. మూడింటిలోనూ బీ6 ఉంది. ఆర్‌ఎంపీ ఇచ్చినదాంట్లో 3 మిల్లీగ్రాములు, ఆడబిడ్డ తెచ్చినదాంట్లో 10, మరిది తెప్పించిన దాంట్లో 100. అది రోజుకు రెండు వేసుకోమని రాసి ఉంది. విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది అంటున్నాడు మరిది. నిజమేనా?


గద్వాల డ్యూటీ డాక్టరు
బుధవారం, రాత్రి 9:20

నిజం కాదు. బీ6, అంటే పిరిడాక్సిన్, ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో వేసుకుంటే అదే న్యూరోపతి తెస్తుంది. అవే తిమ్మిర్లు, అదే మంట, అదే తడబాటు. నీటిలో కరిగే విటమిన్లన్నీ నిరపాయమని అనుకునేవారికి ఇది మినహాయింపు. అమెరికాలో పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములు గరిష్ఠ హద్దు. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో తన హద్దును 12 మిల్లీగ్రాములకే కుదించింది. మీ లెక్క రోజుకు 213. మరిది తెప్పించిన సీసా ఇప్పుడే పక్కన పెట్టండి.

ఒక జాగ్రత్త. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవారికి బీ6 తప్పనిసరిగా ఇస్తాం, ఆ మందు బీ6ను తగ్గిస్తుంది కాబట్టి. ఈ చర్చ చదివి వాళ్లు ఆపేయకండి.


రామగిరి మందుల షాపు
బుధవారం, రాత్రి 9:55

మా కౌంటర్ దగ్గర రోజూ చూసే సంగతి ఇది. పేర్లు వేరు, లోపల సరుకు ఒకటే. నరాలకు, జుట్టుకు, బలానికి, కీళ్లకు అని నాలుగు డబ్బాలు కొంటారు, నాలుగింటిలోనూ అవే బీ విటమిన్లు. జుట్టు మాత్రల్లో బయోటిన్ ఎక్కువ ఉంటుంది. అది థైరాయిడ్ పరీక్ష అంకెను తారుమారు చేస్తుంది. రేపు రక్తం ఇస్తున్నారు కదా, అలాంటిది ఏదైనా ఉంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి.

డీ3 పొట్లం కూడా చూడండి. 60,000 యూనిట్లది సాధారణంగా వారానికి ఒకటి. రోజూ పాలలో కలిపి తాగినవాళ్లను చూశాను. క్యాల్షియం పెరిగి వాంతులు, మతిమరుపు, కిడ్నీ దెబ్బ.

ఇంకా, మంటకు డైక్లోఫెనాక్ ఇవ్వమని అడిగేవాళ్లు ఎక్కువ. నరాల మంట దానికి లొంగదు. షుగర్ ఉన్న 70 ఏళ్ల కిడ్నీ మాత్రం లొంగిపోతుంది.


మిర్యాలగూడ రైతు
గురువారం, ఉదయం 5:50

మిరపలోని ఘాటు పదార్థంతో క్రీము చేస్తారట కదా, అది వాడవచ్చా? మా పక్కింటాయన నేరుగా ఎండుమిరపకాయల ముద్ద నూరి అరికాలికి రాసుకున్నాడు. కేక మా పొలం దాకా వినిపించింది.


జడ్చర్ల సిస్టర్
గురువారం, ఉదయం 7:15

క్రీము ఉంది, పేరు క్యాప్సైసిన్. 0.025, 0.075 శాతం బలంతో దొరుకుతుంది. పుండు లేని చర్మం మీద రోజుకు మూడు నాలుగు సార్లు రాయాలి, మొదటి వారాల్లో మంట పెరిగి తర్వాత తగ్గుతుంది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముద్ద మాత్రం వంటింట్లోనే ఉంచండి. స్పర్శ తక్కువైన కాలికి బొబ్బ లేచినా తెలియదు.

ఆ మాట మీదే ఇంకొంచెం. ఏ మాత్ర పనిచేసినా చేయకపోయినా పాదం కాపాడుకోవడం మన చేతిలో ఉంది. రోజూ రాత్రి అరికాలు చూడాలి, వంగలేకపోతే అద్దం నేల మీద పెట్టి చూడాలి. వేడి నీళ్లు కాలితో కాదు, మోచేతితో చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు వదలకూడదు, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు అడిగితే ఇస్తారు. యాదగిరిగుట్ట మీద మధ్యాహ్నం బండ మీద ప్రదక్షిణ చేసి రెండు అరికాళ్ల చర్మమూ ఊడి వచ్చిన అమ్మను నేను చూశాను. ఆమెకు నొప్పి లేదు, అదే అసలు భయం. చెరువుగట్టు జాతరలో అగ్నిగుండాలు తొక్కే మొక్కున్నవాళ్లు ఇంట్లో షుగర్ లేని మనిషి చేత తీర్పించండి, స్వామి ఏమీ అనుకోడు.


మర్రిగూడ మనవడు
గురువారం, ఉదయం 8:02

కల్లు సంగతి కూడా అడగండి సిస్టర్. మా వైపు పెద్దవాళ్లు సాయంత్రం కల్లు తాగి నిద్రమాత్ర అవసరం లేదంటారు.


జడ్చర్ల సిస్టర్
గురువారం, ఉదయం 8:30

చెట్టు కల్లైనా సారా అయినా రోజూ తాగితే బీ1 తగ్గుతుంది, నరం దెబ్బతింటుంది. ఇక కల్తీ కల్లు పాలమూరు వైపు పాత రోగం. అందులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలుస్తుంది. దాని మీద ప్రెగాబాలిన్ వేస్తే తూలి పడటం ఖాయం, తుంటి ఎముక విరుగుతుంది. అలాగని ఒక్కసారిగా మానిపించినా ఫిట్స్ వస్తాయి. దవాఖానాలో చెప్పి మానిపించాలి.


దేవరకొండ కోడలు
ఆదివారం, సాయంత్రం 6:20

రిపోర్టులు వచ్చాయి. బీ12 164. మూడు నెలల సగటు షుగర్ 8.9. థైరాయిడ్, క్రియాటినిన్ బాగున్నాయి. నల్గొండలో డాక్టర్ శృతిదండం పాదం మీద ఆనించి, నైలాన్ దారంతో అరికాలు తాకి చూశారు. బొటనవేళ్ల దగ్గర తెలియలేదు, చీలమండ దగ్గర తెలిసింది. రెండు కారణాలూ కలిశాయన్నారు, షుగర్ ఒకటి, బీ12 రెండోది.

మందులు: బీ12 ఇంజెక్షన్లు మొదలు, మెట్‌ఫార్మిన్ అలాగే. గ్యాస్ మాత్ర మెల్లగా తగ్గించి ఆపమన్నారు. ప్రెగాబాలిన్ మళ్లీ రాశారు, ఈసారి అతి తక్కువ డోసు, రాత్రి పడుకునే ముందు మాత్రమే. అత్తమ్మ ఒప్పుకుంది, రాత్రి లేచినప్పుడు నన్ను పిలవాలనే షరతు మీద. షరతు ఎవరు ఎవరికి పెట్టారో మీరే ఊహించుకోండి. ఆల్ఫా లిపోయిక్ గురించి అడిగితే, కొన్నది పారేయకండి గానీ మళ్లీ కొనకండి అన్నారు. బీ6 సీసా మరిదికి తిరిగి ఇచ్చాను.

షుగర్ త్వరగా దించేద్దామంటే డాక్టర్ వద్దన్నారు. ఎందుకో హడావిడిలో అడగలేదు.


గద్వాల డ్యూటీ డాక్టరు
ఆదివారం, రాత్రి 8:05

చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను మరీ వేగంగా దించితే నరాల మంట ఒక్కసారిగా పెరగవచ్చు. ఆ సగటు అంకె మూడు నెలల్లోపే రెండు మూడు పాయింట్లు పడిపోయినవారిలో ఇది చూస్తాం. అందుకే నెమ్మదిగా దించడం. మీ డాక్టర్ సరిగ్గానే చెప్పారు.


నాగర్‌కర్నూల్ తమ్ముడు
ఆదివారం, రాత్రి 10:12

ఇప్పుడే చేరాను, చర్చంతా చదివాను. మా అక్కకు 63 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు నడుస్తోంది. చేతివేళ్లు, కాలివేళ్లు మొద్దుబారాయి, రవిక గుండీ పెట్టుకోలేకపోతోంది. బంధువుల్లో ఒకరు ఎసిటైల్ కార్నిటిన్ నరాలను కాపాడుతుందని పంపారు. ముందే మొదలుపెడితే మంచిదా?


గద్వాల డ్యూటీ డాక్టరు
ఆదివారం, రాత్రి 10:40

మొదలుపెట్టకండి. సరిగ్గా ఇదే ప్రశ్న మీద అమెరికాలో పెద్ద పరీక్ష జరిగింది, ఫలితం 2013లో వచ్చింది. ఇలాంటి మందులు తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ మహిళలకు రోజుకు 3 గ్రాముల ఎసిటైల్ కార్నిటిన్ ఇచ్చారు. నరాలు కాపాడబడలేదు సరికదా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే వీరికే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. గుండీ పెట్టుకోలేకపోవడం చిన్న సంగతి కాదు. తర్వాతి డోసుకు ముందే క్యాన్సర్ డాక్టర్‌కు అదే మాటల్లో చెప్పండి, డోసు తగ్గించడమో మందు మార్చడమో వారు నిర్ణయిస్తారు. కీమో వల్ల వచ్చిన నొప్పికి డ్యులోక్సెటిన్ కొంత పనిచేస్తుంది, అదీ వారు రాస్తేనే.


నాగర్‌కర్నూల్ తమ్ముడు
ఆదివారం, రాత్రి 10:52

ధన్యవాదాలు సార్. బుధవారం డోసు ఉంది, రేపే ఫోను చేస్తాను.


దేవరకొండ కోడలు
సోమవారం, ఉదయం 7:30

చివరిగా చిన్న సందేహం. ఇంజెక్షన్లు ఒకేసారి తెచ్చాం, కిటికీ పక్కన అలమరాలో పెట్టాను. మందు ఎర్రగా ఉంది. పాడైపోయిందా?


రామగిరి మందుల షాపు
సోమవారం, ఉదయం 8:10

పాడవలేదమ్మా, బీ12 రంగే ఎరుపు. కిటికీ దగ్గర మాత్రం వద్దు, మిథైల్‌కోబాలమిన్ వెలుతురుకు చెడుతుంది. అట్టపెట్టెలోనే ఉంచి ఎండ తగలని చల్లటి చోట పెట్టండి, పెట్టె మీద ఎంత వేడి లోపు ఉంచాలో రాసి ఉంటుంది. నర్సు వచ్చాకే ఒక్కొక్కటి బయటకు తీయండి.